పొల్లు, సున్న – ‘ఇయోట’ అను గ్రీకు అక్షరము కథ



శతాబ్ది సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయవలెనని అనుకున్నప్పుడు మిషనరీల జీవితమో, పాత దేవాలయముల నిర్మాణమో వ్రాయవచ్చునని మొదట తలంచాము. అవి మాకంటె బాగుగా వ్రాయగలవారు మన డయోసిస్‌లో చాలమంది ఉన్నారు. మాకు మాత్రము చాలకాలముగా ఒక బాకీ ఉన్నది. బండారులంకలో ఒక మామ్మగారికి ఇవ్వవలసిన జవాబు అది.

బండారులంక అమలాపురమును ఆనుకొని ఉన్న చేనేత గ్రామమని కోనసీమ వారికి చెప్పనక్కరలేదు. అక్కడ ఒక ఇంటి వసారాలో గృహప్రార్థన జరిగినది. పక్క ఇంటిలో మగ్గము ఆడుతూనే ఉన్నది. ఆ చప్పుడు మధ్య మత్తయి సువార్త 5వ అధ్యాయము చదివాము. 18వ వచనములో పొల్లు, సున్న అను మాటలు వచ్చునని మీకు తెలియును. అక్కడికి రాగానే మామ్మగారు కళ్ళజోడు సర్దుకొని, “ఏవండీ, పొల్లంటే తాలు గింజలే కదండీ? ధర్మశాస్త్రంలో తాలెందుకుంటాదండీ?” అని అడిగారు. “ఎంత చిన్న భాగమైనా తప్పిపోదని అర్థము మామ్మగారూ” అని చెప్పి దాటవేశాము. “ఆయ్” అన్నారు గాని ఆ జవాబు ఆమెకు చాలలేదని ముఖము చూస్తేనే తెలిసిపోయినది. నిజము చెప్పవలెనంటే మాకును చాలలేదు.

తరువాత కొంతకాలమునకు వేరొక సంఘములో చిన్న గొడవ జరిగినది. ఆరాధనలో వాడుక భాషలో వచ్చిన క్రొత్త తర్జుమా నుండి పాఠము చదవవచ్చునా, కూడదా అని. ఒక పెద్దాయన లేచి, పాత బైబిలు చేతబట్టి, ఇదే 18వ వచనము చదివి, “పొల్లు కూడా మార్చకూడదని ప్రభువే చెప్పారు, మీరు పుస్తకమంతా మారుస్తున్నారు” అన్నారు. ఎవరూ మారు పలకలేదు. మామ్మగారికి అర్థము కాని మాట ఒకచోట ప్రశ్న అయినది, మరొకచోట కర్ర అయినది. అప్పుడు గాని మేము ఆ మాట వెనుకకు వెళ్ళి చూడలేదు.

వెళ్ళి చూస్తే మొదట కనబడినది ఒక గ్రీకు అక్షరము. పేరు ఇయోట. ఇంగ్లీషువారు దీనినే అయోటా అని పలుకుతారు. మత్తయి గ్రీకు మూలములో మనము పొల్లు అని చదువుచున్నచోట ఉన్నది ఈ అక్షరము పేరే. సున్న అని చదువుచున్నచోట ‘కెరాయ’ అను మరొక మాట ఉన్నది.

ఇయోట గ్రీకు అక్షరమాలలో తొమ్మిదవది. నిలువుగా ఒక్క గీత, అంతే. పలుకుబడి మన ‘ఇ’ వంటిది. అయితే ఇయోట అను పేరుకు గ్రీకు భాషలో అర్థమేమియు లేదు. ఎందుకంటే ఆ పేరు గ్రీకువారిది కాదు. తూరు, సీదోను పట్టణముల పేర్లు బైబిలులో మనము వినుచున్నాము గదా, ఆ తీరమున వర్తకము చేసిన ఫీనికేయుల యొద్ద గ్రీకువారు అక్షరములు నేర్చుకున్నారు. ఇది క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్ది ప్రాంతపు సంగతి. ఫీనికేయుల అక్షరములకు పేర్లున్నవి, ఆ పేర్లకు అర్థములున్నవి. ఆలెఫ్ అంటే ఎద్దు, బేత్ అంటే ఇల్లు, యోద్ అంటే చేయి. గ్రీకువారు ఆ పేర్లను తమ నోటికి అనువుగా ఆల్ఫా, బీటా, ఇయోట అని త్రిప్పుకున్నారు గాని ఎద్దు, ఇల్లు, చేయి అను అర్థములు సముద్రము దాటలేదు.

యోద్ ఒకప్పుడు నిజముగా చేతి బొమ్మయే. 1905లో ఫ్లిండర్స్ పెట్రీ అను ఇంగ్లీషు పురాతత్త్వ శాస్త్రజ్ఞుడు సీనాయి ద్వీపకల్పములో సెరాబిత్ అల్ ఖాదిమ్ అను చోట, పూర్వము ఐగుప్తీయులు మణులు త్రవ్వించిన గనుల దగ్గర, రాళ్ళపై చెక్కిన కొన్ని గురుతులు కనుగొన్నాడు. ఎద్దు తల, ఇల్లు, కన్ను, చేయి వంటి బొమ్మలవి. బొమ్మ అక్షరముగా మారుచున్న తొలి దశ అదియేనని పండితులు చెప్పుదురు. ఆ చేతి బొమ్మ ఫీనికేయుల నాటికి వంకర గీతలైనది. గ్రీకువారు తొలిదినములలో దానిని పాము వంకరగా వ్రాశారు. తరువాత సిగ్మా అను మరొక అక్షరముతో పోలిక కలుగకుండ వంకరలు తీసివేసి నిలువు గీత చేశారు. ఐదు వ్రేళ్ళ చేయి అరిగి అరిగి ఒక్క వ్రేలు మిగిలినట్లున్నది.

గ్రీకువారు చేసిన మరొక పని కలదు. ఫీనికేయుల లిపిలో అన్నియు హల్లులే. యోద్ వారికి మన ‘య్’ వంటి హల్లు. గ్రీకువారికి ఆ హల్లుతో పెద్దగా పని లేదు, అచ్చులతో పని ఉన్నది. అందుచేత హల్లు గురుతును తీసికొని అచ్చుకు పెట్టుకున్నారు. ఇయోటకు లెక్కలో విలువ కూడా కలదు. గ్రీకువారు అక్షరములనే అంకెలుగా వాడెడివారు. ఇయోట విలువ పది. మనము పది వ్రాయవలెనంటే ఒకటి పక్కన సున్న పెట్టవలెను, వారికి ఒక్క గీతతో సరిపోయినది.

ఇక యూదుల వైపు చూతము. హెబ్రీ భాషను పూర్వము ఫీనికేయుల లిపి వంటి లిపిలోనే వ్రాసెడివారు. అందులో యోద్ అంత చిన్న అక్షరమేమియు కాదు. బబులోను చెర తరువాత క్రమముగా అరామిక్ లిపి వాడుకలోనికి వచ్చినది. నేడు హెబ్రీ బైబిలులలో చూచు చదరపు అక్షరములు అవే. వాటిలో యోద్ అన్నిటికంటె చిన్నది, పంక్తిలో పై భాగమున తగిలించిన ఒక కామా వలె ఉండును. ప్రభువు యోద్‌ను అత్యల్పమైనదానికి ఉదాహరణగా చెప్పాడంటే ఆయన కాలపు జనులు గ్రంథపు చుట్టలలో చూచుచున్నవి ఈ చదరపు అక్షరములేనని గ్రహించవచ్చును.

కెరాయ సంగతి ఇంకను వింతగా ఉన్నది. ఆ గ్రీకు మాటకు చిన్న కొమ్ము అని అర్థము. క కు కొమ్మిస్తే కు అని మన పలకల మీద దిద్దించినదే ఆ కొమ్ము అనుకొనరాదు సుమా. హెబ్రీ అక్షరముల మూలలలో పొడుచుకొని వచ్చు చిన్న కొసకు ఆ పేరు. దాలెత్ అను ‘ద’కార అక్షరమునకు, రేష్ అను ‘ర’కార అక్షరమునకు ఆ కొస ఒక్కటే తేడా. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము 4వ వచనములో దేవుడు ఒక్కడే అని చెప్పు ‘ఎహాద్’ అను మాట దాలెత్‌తో ముగియును. ఆ కొస చెరిగి దాలెత్ రేష్ అయితే మాట ‘అహేర్’ అగును. అర్థము ‘వేరొకడు’. ఒక్క కొస పోతే ఒక్క దేవుడు వేరొక దేవుడై కూర్చుండునని యూదుల బోధకులు శిష్యులను హెచ్చరించెడివారు.

ఆ బోధకులే యోద్ గురించి ఒక ముచ్చట కూడా చెప్పుకున్నారు. అబ్రాహాము భార్య పేరు మొదట శారయి. దేవుడు ఆ పేరును శారాగా మార్చినప్పుడు చివరనున్న యోద్ రాలిపోయినది. ఒక స్త్రీ పేరులో నుండి నన్ను తీసివేశావని ఆ అక్షరము దేవుని సన్నిధికి వెళ్ళి మొరపెట్టినదట. చాలకాలమునకు మోషే, నూను కుమారుడైన హోషేయకు యెహోషువ అని పేరు మార్చినప్పుడు ఆ యోద్‌నే తెచ్చి ఆ పేరుకు ముందు పెట్టి దేవుడు దాని మొర తీర్చాడట. ఇది లేఖనము కాదు, ముచ్చటయే. అయినను మన తెలుగు అక్షరములలో కూడ ఇది కంటికి కనబడుచున్నది చూడండి. శారయిలో ‘యి’ పోయినది, యెహోషువలో ‘యె’ వచ్చినది. యెహోషువ, యేసు – రెండును ఒకే పేరని మనకు తెలియును. ఆ మొరపెట్టిన అక్షరము చివరకు ఎవరి పేరుకు మొదట నిలిచినదో యూదుల బోధకులు చెప్పలేదు గాని మనము చెప్పుకొనవచ్చును.

గ్రీకులో కూడ యేసు నామము ఇయోటతోనే మొదలగును. అందుచేత ఆదిమ క్రైస్తవులకు ఈ గీత మీద మక్కువ. ఇయోట పది, దాని తరువాతి అక్షరమైన ఈటా ఎనిమిది, కలిపి పదునెనిమిది. అబ్రాహాము లోతును విడిపించుటకు మూడువందల పదునెనిమిది మందితో వెళ్ళాడని ఆదికాండము 14వ అధ్యాయములో ఉన్నది గదా. మూడువందలకు గ్రీకు అక్షరము టౌ, అది సిలువ రూపము, పదునెనిమిది యేసు నామము అని బర్నబా పత్రిక అను ప్రాచీన గ్రంథము వ్యాఖ్యానించినది. గ్రీకులో వ్రాసిన పాత నిబంధన చేతబట్టుకొని అబ్రాహాము కాలపు లెక్కను ఇట్లు విప్పుట మాకు కొంచెము చమత్కారముగానే తోచుచున్నది. అయినను ఆ రెండక్షరములు, వాటి ప్రక్కన సిగ్మా అను మూడవ అక్షరము కలిసి మన ఆరాధన బల్ల మీది వస్త్రములపై నేటికిని కుట్టబడి ఉన్నవి. ఐ, హెచ్, ఎస్ అని వాటిని ఇంగ్లీషు అక్షరములుగా చదివి ఏవేవో విస్తరణలు చెప్పువారున్నారు. అవి ఇంగ్లీషువి కావు. గ్రీకులో యేసు పేరులోని మొదటి మూడక్షరములు.

ఇంగ్లీషు ప్రసంగము వచ్చినది గనుక ఒక్క మాట. లాటిను వారు ఇయోటను ఐ గా తీసికొన్నారు. చాల శతాబ్దముల తరువాత ఐరోపాలో ఆ ఐ కే తోక పెట్టి జె అను వేరు అక్షరము చేశారు. అందుచేత ఇంగ్లీషులో జీసస్ అయినది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో మత్తయి 5:18లో కనబడు జాట్ అను మాట కూడ ఇయోట నుండి వచ్చినదే. మన పిల్లలు ఇంగ్లీషు మీడియము బడులలో జీసస్ అని నేర్చుకొని వచ్చి యేసు అనుట పాత మాట అనుకొనుచున్నారు. పాత మాటయే. అపొస్తలుల నోటికి దగ్గరగా ఉన్నదియు అదియే.

ఇప్పుడు తెలుగులోనికి వత్తము. తెలుగు అచ్చు పుస్తకములలో తొలివిగా చెప్పుకొనునవి 1746లో జర్మనీ దేశములోని హాల్లే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అచ్చు వేయించిన క్రైస్తవ బోధ పుస్తకములే. 1805లో అగస్టస్ డెస్ గ్రాంజెస్, జార్జి క్రాన్ అను లండన్ మిషను వారు విశాఖపట్టణమునకు వచ్చారు. ఆనందరాయర్ అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తర్జుమాలో తోడ్పడ్డాడు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయినవి. 1818లో క్రొత్త నిబంధన వెలువడినది. ఆ తరువాత సవరణలు ఎన్నో జరిగినవి. దొరల పేర్లు చెప్పుకొనునప్పుడు ప్రక్కన కూర్చుండి ఇది తెలుగు, ఇది కాదు అని చెప్పిన పండితులను మనము సాధారణముగా మరచిపోవుదుము. పొల్లు, సున్న అను మాటలు గ్రీకు నిఘంటువులో దొరకునవి కావు. తెలుగు పలక మీద ఓనమాలు దిద్దినవారికే తెలియునవి.

ఏమి చేశారో చూడండి. ఇయోట అను మాటను ఇయోట అనియే వ్రాసియుండవచ్చును. ప్రకటన గ్రంథములో అల్ఫా, ఓమెగ అను అక్షరముల పేర్లు అట్లే ఉంచారు గదా. ఇక్కడ అట్లు చేయలేదు. వినువానికి గ్రీకు అక్షరము ఆకారము తెలియదు, దాని చిన్నతనము తెలియదు. అందుచేత తెలుగు వ్రాతలో అతి చిన్నవైన రెండు గురుతులను ఏరి తెచ్చారు. హిందీ బైబిలు వారు మాత్ర, బిందువు అన్నారు. మనవారు పొల్లు, సున్న అన్నారు. లూకా 16:17లో గ్రీకున ఇయోట లేదు, కెరాయ ఒక్కటే ఉన్నది. అక్కడ తెలుగులో సున్నకు బదులు పొల్లే కనబడుచున్నది. అనగా ఈ గురుతుకు ఆ గురుతు అని లెక్క కట్టి చేసిన పని కాదు. చిన్నది అను భావము చెదరకుండ పట్టుకొనుటయే వారి పని.

పొల్లు అంటే హల్లులో అచ్చు లేనప్పుడు పైన పెట్టు తోక. న లో నుండి అ తీసివేస్తే న్. ఇందులో ఒక తమాషా కూడ ఉన్నది. గ్రీకు ఇయోట అచ్చు, మన పొల్లు అచ్చు లేదని చెప్పు గురుతు. ఒకదానికి ఒకటి పూర్తిగా ఎదురు. అయినను వచనము అర్థము ఏమియు చెడలేదు.

సున్న అంటే ఇక్కడ లెక్కలలోని సున్న కాదు, అక్షరము ప్రక్కన పెట్టు నిండుసున్న. ఏమియు లేనిదానికి గురుతైన సున్నకు విలువ ఎక్కడిది అని అడుగువారికి మేము ఊరి పేరే చూపుదుము. బండారులంక అని వ్రాసి రెండు సున్నలు తుడిచి చూడండి. బడారులక అని మిగులును. ఆ ఊరికి ఏ ఉత్తరమును చేరదు. బండి సున్న పోతే బడి అగును. పంది సున్న పోతే పది అగును.

ఇంతకు పూర్వము చెప్పిన సంఘపు గొడవ సంగతి. ప్రభువు ప్రజలతో మాటలాడినది అరామిక్ భాషలోనని పండితులలో చాలమంది అభిప్రాయము. ఆయన మనస్సులో ఉన్న అక్షరము యోద్. మత్తయి సువార్త గ్రీకులో మన చేతికి వచ్చునప్పటికి అది ఇయోట అయినది. తెలుగులోనికి వచ్చునప్పటికి పొల్లు అయినది. ఒక్క అక్షరము కూడ తప్పిపోదని చెప్పు వచనములోనే అక్షరము రెండుమార్లు మారినది! మార్చినవారు అవిశ్వాసులు కారు. ఆ పెద్దాయన చేతబట్టుకున్న పాత తర్జుమాను చేసినవారే వారు. 19వ వచనము కూడ కలిపి చదివితే ప్రభువు మాటలాడుచున్నది ఆజ్ఞలను గైకొనుట, వాటిని మీరుట గురించి అని తేటపడును. అచ్చు ప్రతులను గురించి కాదు. ఈ మాట ఆనాడు లేచి చెప్పవలసినది. మాకు అప్పుడు తెలియదు. తెలిసియున్నను ఆ పెద్దాయన వయస్సు చూచి ధైర్యము చేసెడివారము కామేమో.

అయితే అక్షరము మారినను పరవాలేదని చెప్పి ఊరకుండుటకు వీలు లేదు. ఒక్క ఇయోట వలన సంఘమంతయు కల్లోలపడిన కాలము చరిత్రలో కలదు. క్రీస్తుశకము 325లో నీకయ పట్టణమున సభ కూడి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వము గలవాడని చెప్పుటకు ‘హోమోఊసియోస్’ అను మాట అంగీకరించినది. మధ్యలో ఒక ఇయోట చేర్చి ‘హోమోయిఊసియోస్’ అంటే తండ్రిని పోలిన తత్త్వము గలవాడని అర్థము. నీకయలోనే ఈ ఇయోట మీద తగవు జరిగినదని ప్రసంగములలో తరచు వినుచుందుము. అది సరికాదు. నీకయలో వాదము అరియతో. ఇయోట చేర్చిన పక్షము తరువాత ముప్పది ఏండ్లకు, 358లో అంకురలో కూడిన సభ కాలమున, గట్టిగా ముందుకు వచ్చినది. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ 18వ శతాబ్దిలో దీనిని ఎగతాళి చేశాడు. ఇన్ని కలహములు ఇంత చిన్న అక్షరపు తేడాకా అని.

ఈ తేడా చిన్నదా పెద్దదా అని బండారులంకలో నేతపని చేయువారిని అడిగితే తేలిపోవును. అక్కడివారు చేతితో నేసిన చీరె ఒకటి, మర మగ్గము మీద దానికి నకలుగా తీసిన చీరె ఒకటి. అంచు ఒకటే, రంగు ఒకటే. కొట్టులో అమ్మువాడు “చేనేత లాంటిదేనమ్మా” అని చెప్పును. ఆ ‘లాంటిది’ అను మాటలోనే నేతగాని కూలి అంతయు కొట్టుకొని పోవుచున్నది. కొన్ని రకముల చీరెలను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేయవలసి వచ్చినది ఇందుకే గదా. చేనేత వేరు, చేనేత లాంటిది వేరు. గిబ్బన్ మగ్గము మీద బ్రతికినవాడు కాడు.

ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. ఇయోట పక్షమువారందరు దుర్మార్గులు కారు. నీకయ విశ్వాసము కొరకు అయిదుమార్లు ప్రవాసమునకు వెళ్ళిన అతనాసియుడే, 359లో వ్రాసిన గ్రంథములో, వారిలో పలువురిని మాట విషయములో మాత్రమే సంకోచించు సహోదరులుగా ఎంచాడు. 381లో కానుస్టాంటినోపులు సభ నీకయ విశ్వాసమును మరల స్థిరపరచినది. ఆ మెత్తదనము లేకపోతే అది జరుగుట కష్టమయ్యెడిదని మా ఉద్దేశము.

మన తెలుగులో అక్షరములు గతించలేదా అంటే గతించినవి. వాఁడు అని అరసున్నతో వ్రాసినది నేడు వాడు అయినది. బండి ఱ తో వ్రాసిన ఱాయి ఇప్పుడు రాయి. పాత అచ్చు పుస్తకములలో పదము చివర వచ్చు న్ కు నకారపొల్లు అను ప్రత్యేక రూపముండెడిది. అదియు అచ్చుకూటములలో నుండి మాయమైనది. అయితే 2021లో ప్రపంచ లిపులన్నిటికి కంప్యూటరులో స్థానము కల్పించు యూనికోడ్ వారు తమ 14వ కూర్పులో తెలుగు నకారపొల్లుకు కూడ ఒక స్థానము ఇచ్చారు. పోయినదనుకున్న పొల్లు తిరిగి వచ్చినది.

ఇదంతయు పోగుచేసికొని మరల బండారులంక వెళ్ళాము. మామ్మగారు అదే వసారాలో ఉన్నారు. ఫీనికేయులు, నీకయ సభ ఆమెకు చెప్పలేదు. పలక మీద న వ్రాసి, దానికి తోక పెట్టి, ఇది పొల్లు మామ్మగారూ, ఇందులో అచ్చు లేదు అన్నాము. ఆమె కొంచెముసేపు చూచి, “గింజలో బియ్యం లేకపోతే తాలు, అక్షరంలో అచ్చు లేకపోతే పొల్లు. అయితే నేనడిగింది తప్పేం కాదు కదండీ” అన్నారు. తప్పు కాదు. రెండుచోట్ల పొల్లు అంటే లోపల లేనిదని భావము. మేము పుస్తకములన్నియు తిరుగవేసి తెలిసికొన్న సంగతిని ఆమె చేటలో నుండి తీసి చూపారు.

తరువాత ఆమె తన పెద్దక్షరముల బైబిలు తెరచి, వ్రేలితో వెదకి వెదకి ఒకచోట ఆపారు. ఆమేన్ అను మాట అది. సొలొమోను, అహరోను వంటి పరదేశపు పేర్లకు చివర ఉకారము తగిలించిన మన తర్జుమాదారులు ఈ మాటను న్ తోనే విడిచిపెట్టారు. మామ్మగారు ఆ తోక మీద వ్రేలు పెట్టి, “అయితే ఇన్నాళ్ళూ నా ప్రార్థన పొల్లుతోనే ముగిస్తున్నానన్నమాటండీ” అన్నారు.